ఇచ్ఛాపురానికి అవతల

బరంపురం,
12-3-1945

బావగారికి,

నమస్కారాలు. చేరాను. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు కనుక చేరానని మాత్రమే రాస్తున్నాను.

మీరు స్టేషనుకు రాకపోవడమే మంచిదయింది. ఆమదాలవలసలో ఇద్దరు కానిస్టేబుళ్లు నన్ను మధ్యన కూర్చోబెట్టుకున్నారు. పెట్టెలో జనమంతా నన్ను దొంగే అనుకున్నారు. ఎదురుగా ఉన్న ఒకామె తన మూట దగ్గరికి లాక్కుంది. పలాస దాటాక ఆ ఇద్దరిలో పెద్దవాడు నా వైపు ఒంగి, "బాబూ, కళింగపట్నంలో మీ నాటకం నాను సూసినాను. ఆ అత్తాకోడళ్ల పాట ఒక్కపాలి పాడతారేటి?" అన్నాడు. నేను పాడలేదు. ఇచ్ఛాపురంలో దిగిపోతూ, "ఇటు మరి రాకండి బాబూ. మీరొస్తే మాకు మాటొస్తాది" అని చెప్పి వెళ్లాడు. అక్కడితో మన జిల్లా సరిహద్దు, నా ఊరు, నా నాటకం అన్నీ అయిపోయాయి.

మళ్లీ ఉత్తర్వు ఇచ్చేదాకా విశాఖపట్నం జిల్లాలో అడుగు పెట్టకూడదట. అంతా కలిపి ఒక పేజీ. పదిహేనేళ్లుగా నాటకాలు ఆడిస్తున్నాను. ఎంతటి మహారాజునైనా రెండు పద్యాల్లో అడవులకు పంపేవాణ్ణి. నిజంగా పంపడం అంతకన్నా సులువని ఇప్పుడే తెలిసింది.

నేను చేసిన నేరమేమిటి? కళింగపట్నం దగ్గర ఒక గుడిసెలో అత్తా కోడలూ ఒకే చీర వంతులవారీగా కట్టుకోవడం కళ్లారా చూశాను. ఒకామె చేపలమ్మడానికి వెళ్తే రెండో ఆమె తలుపేసుకుని లోపల ఉండాలి. అదే రాసి 'ఒంటిచీర' అని ఆడించాను. నాలుగో రంగంలో ఆ ఇద్దరూ షావుకారు గిడ్డంగిలోకి జొరబడి, ధాన్యం గాదెల వెనక దాచిన బట్టల బేళ్లు వీధిలోకి ఈడుస్తారు. అనుమతి కోసం పంపిన ప్రతిలో ఆ రంగం లేదు. నోటిమాట సాక్ష్యమైతే ఎలాగో బుకాయించేవాణ్ణి. కాని విచారణ నాడు ఆఫీసరు నల్ల అట్ట పుస్తకం తెరిచి నా మాటలు నాకే చదివి వినిపించాడు. యుద్ధకాలంలో ప్రజల్ని దోపిడీకి రెచ్చగొట్టానట.

ఆ రంగం ఉన్న ప్రతులు రెండే రెండు, రెండూ నల్ల అట్ట పుస్తకాలే. ఒకటి భద్రంగా ఉంచమని మీకిచ్చాను. రెండోది కోడలు వేషం వేసే సింహాచలం దగ్గర ఉంది. నాతో ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాడు, మీ షాపు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని బతికేవాడు, ఆడవేషం కోసం జుట్టు పెంచుకుని ఊరంతా నవ్వినా కత్తిరించుకోనివాడు. వాణ్ణి పిలిచి మందలించి వదిలేశారని మీరే చెప్పారు. వేషం వేసినవాడు ఇంట్లో ఉన్నాడు, వేయించినవాడు రైలెక్కాడు. ఇంకా అర్థం కానిదేముంది?

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. నాట్యమండలి అధ్యక్షులుగా మీరు అందర్నీ పిలిచి వాడి ఎదుటే చదవండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు. వాడు ఇక మన స్టేజీ మీద ముఖానికి రంగు పూయకూడదు.

పార్వతిని కొన్నాళ్లు మీ ఇంటనే ఉంచండి. ఇక్కడ నాకు ఇల్లు లేదు. సత్రం అరుగు ఉంది.

జగన్నాధం


శ్రీకాకుళం,
2-4-1945

బావా జగన్నాధం,

నీ ఉత్తరం చదివి మీ అక్క సుభద్రమ్మ ఆ పూట కంచం ముందు కూర్చోలేదు. పార్వతి గురించి నువ్వు ఆలోచించకు. నా చెల్లెలు నా ఇంట్లో ఉంది, అంతే.

నువ్వు చెప్పిన పని చేశాను. ఆదివారం సాయంత్రం రిహార్సలు గదిలో అందర్నీ కూర్చోబెట్టి నీ కాగితం చదివాను. మధ్యలో ఒకచోట ఆపేద్దామనుకున్నాను. అంత కటువుగా రాశావు. కాని ఒక్క ముక్క వదలొద్దన్నావు కదా అని చివరిదాకా చదివాను. సింహాచలం లేచొచ్చి, "ఓపాలి ఇలాగియ్యండి బాబూ" అని కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు. "జగ్గడి రాతే" అన్నాడు. తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచాడు. షావుకారు వేషం వేసే మన ధర్మారావు అయితే వాడి వెనకాల ఉమ్మేశాడు.

అరుగు మీద వాడి మిషను విషయంలోనే ఏం చెయ్యాలో తోచడం లేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ వేలు పెట్టి చూపిస్తున్నారు. షాపుకి బాగుండదు. నువ్వేమంటావో రాయి.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆ నాలుగో రంగం అంత అవసరమా బావా? అత్తాకోడళ్ల ఏడుపుతో తెర దించితే జనం కళ్లు తుడుచుకుని ఇంటికి పోయేవాళ్లు. నువ్వూ ఇంట్లో ఉండేవాడివి. అయినా జరిగినదానికి ఇప్పుడు అనుకుని లాభం లేదు. ఆరోగ్యం చూసుకో.

నరసింగరావు


బరంపురం,
20-6-1945

బావగారికి,

నమస్కారాలు. బతుకుతెరువు దొరికింది. ఇక్కడి తెలుగు వర్తకులు ఒక నాటకం వేస్తున్నారు. నేను నేర్పుతున్నాను. పట్టు అంగరఖాలు, జరీ తలపాగాలు, ఏడు తెరలు. ఈ దేశంలో గుడ్డకు కరువుందని ఆ స్టేజీని చూసినవాడెవడూ నమ్మడు. రాజు వేషం ఒక పెద్ద షావుకారు అల్లుడిది. పద్యం రాదు, నోట మాట నిలవదు. మామగారు మొన్న నన్ను పక్కకు పిలిచి, "మాస్టరుగారూ, ఆఖర్న మా అల్లుడు సచ్చిపోకుండా సూడండి, మా అమ్మాయి సూడలేదు" అన్నారు. సరేనన్నాను. చచ్చిపోవలసిన రాజు ఇప్పుడు లేచి మంగళం పాడతాడు. నేను ఇటువంటి డైరెక్టరునయ్యాను.

పోయిన వారం ఉండబట్టలేక ఇచ్ఛాపురం రోడ్డు పట్టి నడిచాను. జిల్లా సరిహద్దు రాయి దగ్గర ఆగాను. అవతల పొలంలో దుక్కి దున్నుతున్నారు. నాగలి పట్టినవాడు ఎద్దుల్ని అదిలించే మాట కూడా మనదే. చాలాసేపు నిలబడ్డాను. ఒక కల్లు గీసే అతను దించిన కుండ పట్టుకుని వస్తూ, "ఏటి బాబూ, అక్కడే నిలబడిపోనారు? ఇటు రావాలంటే వచ్చీండి, ఏటున్నాదని?" అన్నాడు. ఏమీ లేదని చెప్పి వెనక్కి తిరిగాను. కూలివాడు, గాడిద, కాకి, అన్నీ దాటుతున్నాయి ఆ రాయిని.

సింహాచలం గురించి అడిగారు. అడిగారు కనుక చెప్తున్నాను, మిషను తీయించెయ్యండి. నాకు అరుగు లేకుండా చేసినవాడికి మీ అరుగెందుకు?

జగన్నాధం


శ్రీకాకుళం,
9-9-1945

బావా,

యుద్ధం అయిపోయింది. ఊళ్లో దీపాలు పెట్టారు. ఇక నీ సంగతి కూడా తేలిపోతుందని అందరూ అంటున్నారు.

మిషను తీయించాను. మనిషినిచ్చి సాయం చేస్తానన్నా వినకుండా సింహాచలం దాన్ని తనే నెత్తికెత్తుకుని పోయాడు. వాళ్లమ్మ అసిరమ్మ మాత్రం నడివీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. "మా వోడి నోట్లో మన్ను కొట్టినోడి ఇల్లు ఇల్లులాగుంటాదేటి?" అంది. నిన్నే అంటోందని జనం అనుకున్నారు. తర్వాత వాడు జుట్టు తీయించేశాడని తెలిసింది. ఇద్దరూ సాలూరు వెళ్లిపోయారు. అక్కడ లారీల వాళ్ల దగ్గర ఏదో పని దొరికిందట. పోనీ, కళ్లెదురుగా లేకపోవడమే అందరికీ మంచిది.

ఇక సంతోషించవలసిన విషయం. మండలి బతికింది. మొన్న 'ఒంటిచీర' మళ్లీ వేశాం. తాసీల్దారుగారు కుటుంబంతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాలుగో రంగం కొంచెం మార్చాను. అత్తాకోడళ్లు గిడ్డంగికి వస్తారు, వాళ్ల అవస్థ చూసి షావుకారు మనసు కరిగి తనే రెండు చీరలు తీసి ఇస్తాడు. ధర్మారావు ఆ చోట ఎంత బాగా ఏడ్చాడనుకున్నావు! తాసీల్దారుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నీ పేరు పైకి చెప్పలేదు గాని, రాసింది నువ్వేనని అందరికీ తెలుసు.

ఆ ఊపులోనే నీ మాట ఎత్తాను. రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలన్నారు. ఆ రంగం రాయడం పొరపాటని ఒకటి, ఇక రాయనని ఇంకొకటి. కాగితం నేనే తయారుచేసి పంపుతున్నాను. పార్వతి కోసమైనా పెట్టు.

నరసింగరావు


బరంపురం,
3-10-1945

బావగారికి,

కాగితం వెనక్కి పంపుతున్నాను.

నన్ను ఊరు దాటించినందుకు నేను ఇంత బాధపడలేదు. ఆ షావుకారు చేత చీరలిప్పించారే, దానికి బాధపడ్డాను. కళింగపట్నంలో ఆ కోడలు తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటికి పెట్టి నాకు మంచినీళ్లిచ్చింది. ఆవిడ ముఖం నేను చూడలేదు. ఆ చేతికి న్యాయం చెయ్యాలని నాలుగో రంగం రాశాను. మీరు దాన్ని దానం పట్టే చెయ్యి చేశారు.

ఒక గది దొరికింది. పార్వతిని పంపండి.

జగన్నాధం


శ్రీకాకుళం,
18-1-1946

బావా జగన్నాధం,

ఈ ఉత్తరం అందగానే తంతి కొట్టు. పార్వతి నీ దగ్గరికి వచ్చిందా? పుష్యమాసం వెళ్లాక పంపుతానని నీకు రాయబోతూ ఉన్నాను. ఇంతలో పక్కింటి బుల్లమ్మతో కలిసి రామతీర్థం దర్శనానికి వెళ్లొస్తానని చెప్పి బయల్దేరింది. బుల్లమ్మ ఒక్కర్తే తిరిగొచ్చింది. అడిగితే, "ఇజీనారంలోనే నన్నొగ్గేసి ఎలిపోనాదండి. ఎక్కడికో సెప్పనేదు" అంటోంది. ఇవాళ్టికి నాలుగో రోజు.

ఈ మధ్య అది ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. ఏవేవో లేనిపోని ప్రశ్నలు వేస్తోంది. ఏం చెప్పినా నమ్మకు. ఒంటరిగా ఉండి మనసు చెడింది.

నరసింగరావు


బరంపురం,
25-1-1946

నరసింగరావు గారికి,

పార్వతి ఇక్కడ ఉంది. మనసు చెడలేదు.

అది వేసిన లేనిపోని ప్రశ్న ఏమిటో నాకు చెప్పింది. దీపావళికి నగ తీసుకోవడానికి మీ ఇనప్పెట్టె తెరిచిందట. నేను భద్రం చెయ్యమని మీకిచ్చిన పుస్తకాన్ని ఆ పెట్టెలో మీరు దాస్తుండగా చూసింది అదే. ఇప్పుడు కనిపించలేదు. ఎక్కడుందని మిమ్మల్ని అడిగితే చెదలు పట్టిందన్నారు. వాళ్ల వదినను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయిందట.

అందుకని పార్వతి రామతీర్థం వెళ్లలేదు. విజయనగరంలో బుల్లమ్మను వదిలేసి, రెండో ప్రతి ఉందో లేదో తేల్చుకోవడానికి బొబ్బిలి మీదుగా సాలూరు వెళ్లింది. జీవితంలో ఒంటరిగా రైలెక్కడం దానికి అదే మొదటిసారి. సింహాచలం పనిలో ఉన్నాడు, ఇంట్లో అసిరమ్మ ఉంది. పుస్తకం సంగతి ఎత్తగానే ఆవిడ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి నల్ల అట్ట పుస్తకం తీసి దీని ఒళ్లో పడేసిందట. అసిరమ్మ అన్న మాటలు పార్వతి నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇదేనా మీకు గావాల్సింది? రొండు దినాలు ఠాణాలో ఎట్టి కొట్టినారమ్మా ఆణ్ణి. వీపంతా వాసిపోనాది. 'నా దగ్గర ఏటీ నేదు' అన్నాడు గానీ ఇది ఇయ్యనేదు. మా జగ్గడిదీ, మా జగ్గడిదీ అని దాసినాడు. ఆ జగ్గడే మరి కాయితం రాసి ఊరంతటి ముందరా సదివించినాడు. నువ్వు సెప్పరా నిజం అని నాను మొత్తుకున్నాను. 'ఆడి రాత సూసినాక ఇంకేటి సెప్పమంటావే అమ్మా' అన్నాడు."

పుస్తకం ఇప్పుడు నా ముందుంది. పేజీల అంచుల మీద వాడి వేళ్ల రంగు అంటుకుని ఉంది. నాలుగో రంగంలో ఒక్క కాగితం కూడా చిరగలేదు.

సింహాచలాన్ని మందలించి వదిలేశారని ఆ రోజు నాకు చెప్పింది మీరు. మీ ప్రతి ఎక్కడుంది?

జగన్నాధం


శ్రీకాకుళం,
10-2-1946

జగన్నాధం,

ఇచ్చాను. నేనే ఇచ్చాను. నీకు తెలిసిపోయాక దాచి ఏం లాభం? కాని ఎందుకిచ్చానో కూడా విను. నువ్వు ఎన్నడూ ఇంకొకరి వైపు నిలబడి చూసినవాడివి కాదు.

కళింగపట్నంలో నీ నాటకానికి మీ అక్కను తీసుకెళ్లాను. ధర్మారావు షావుకారుగా వచ్చాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. వేలు తడి చేసుకుని బట్టల తాను మడత పెట్టాడు. "దేవుడి మీద ఒట్టు తల్లీ, బెత్తెడు గుడ్డ నేదు" అన్నాడు. జనమంతా ఒక్కసారి ఘొల్లుమని నా వైపు తిరిగారు. "మన నరసింగరావు గారే!" అని వెనక ఎవడో అరిచాడు. మీ అక్క తలొంచుకుంది. ఆ కళ్లజోడు, ఆ వేలు, ఆ మాట నాలో చూసి వాడికి నేర్పింది ఎవరు? నా ఇంట్లో కూర్చుని, నా భార్య వడ్డించిన అన్నం తింటూ, ఎదురుగా ఉన్న నన్ను చూసి రాసుకున్నావు కదూ? మీ స్టేజీ మీది తెరలు కూడా నా షాపువే. నీ నాటకంలో దోషి కావడానికి నీకు ఇంకెవరూ దొరకలేదా?

గిడ్డంగిలో సరుకు దాచానా అని అడుగుతావు. దాచాను. దాచని వర్తకుడి పేరు ఒకటి చెప్పు. కంట్రోలు వచ్చాక లైసెన్సు చేతిలో పెట్టుకుని ప్రతి గుమాస్తాకీ దణ్ణం పెడుతూ బతికాను. కళింగపట్నం ఆట అయిన నాలుగో రోజు ఇనస్పెక్టరు షాపుకొచ్చాడు. గిడ్డంగి తెరిపించనా, పుస్తకం ఇస్తావా అన్నాడు. పుస్తకం ఇచ్చాను. నాటకం ఆపేస్తారనుకున్నాను. నిన్ను ఊళ్లోంచే పంపేస్తారని మాత్రం అనుకోలేదు. ఇది నమ్ము.

ఇక సింహాచలం సంగతి. నీ కాగితం వచ్చిన రోజు నిజం చెబుదామని రెండుసార్లు కలం పట్టాను. వాడి మీద అనుమానం పెట్టుకున్నది నువ్వు. నేను ఊరుకున్నాను. నీ మాటల కన్నా నా ఊరుకోవడమే పెద్ద తప్పని మీ అక్క అంటోంది. అలా అనడం కూడా ఈ మధ్య మానేసి నాతో మాట్లాడడం లేదు.

నరసింగరావు


శ్రీకాకుళం,
6-10-1946

బావా,

ఫిబ్రవరి నుంచి నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. అయినా రాస్తున్నాను.

యుద్ధం నాటి చట్టం గడువు తీరింది. దాని కింద ఇచ్చిన ఉత్తర్వులన్నీ పోయాయని వకీలు చెప్పారు. నువ్వు ఇక నిక్షేపంగా రావచ్చు. మండలివాళ్లు ఆమదాలవలసకు మేళం తీసుకొస్తామంటున్నారు. ధర్మారావు నీకు సన్మానపత్రం రాయిస్తున్నాడు. 'ఒంటిచీర' నువ్వు రాసింది రాసినట్టు, నాలుగో రంగంతో సహా వేద్దాం. కావాలంటే షావుకారు వేషం నేనే వేస్తాను. వేళాకోళానికి అనడం లేదు.

ఏ రైలుకొస్తావో రాయి.

నరసింగరావు


సాలూరు,
15-10-1946

నరసింగరావు గారికి,

మీ ఉత్తరం అందిన మర్నాడే నేనూ పార్వతీ బయల్దేరాం. శ్రీకాకుళానికి కాదు, ఇక్కడికి. ఈ ఎనిమిది నెలల్లో సింహాచలానికి పదకొండు ఉత్తరాలు రాశాను. అన్నీ విప్పకుండానే తిరిగొచ్చాయి. సాలూరు కూడా ఆ జిల్లాలోదే కనుక ఇన్నాళ్లూ రాలేకపోయాను. రాగలిగిన మొదటి రోజున వచ్చాను.

లారీలు ఆగే దొడ్డిలో నేల మీద కూర్చుని టార్పాలిను కుడుతున్నాడు. దబ్బనం అరచేతిలోకి దిగకుండా తోలుముక్క కట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నా నీడ పడితే తలెత్తాడు. "ఏటి బాబూ, ఎవురు గావాల మీకు?" అన్నాడు. నలభై ఏళ్లొచ్చాయి మాకు. వాడు నన్ను ఒరే అని తప్ప పిలిచి ఎరగడు.

"ఒరే, నేన్రా" అన్నాను. "తప్పు చేశాన్రా. పుస్తకం నువ్వివ్వలేదని తెలిసింది" అన్నాను. ఇంకా ఏదో అన్నాను. స్టేజీ మీద ఎవడైనా అలా నత్తులు కొడితే లాగి కొట్టేవాణ్ణి. వాడు నన్ను ఆపలేదు, సాయమూ చెయ్యలేదు. అయ్యాక అన్నాడు:

"పుస్తకం నానియ్యనేదని నీకెవులో సెప్తే తెలిసినాది. నాను సెప్పకండానే నీకు తెలవాల. నిన్నెలగొట్టినోళ్లు సర్కారోళ్లు. ఆళ్ల ఉత్తరువుకి గడువున్నాది, అయిపోనాది, వచ్చీసినావు. నన్నెలగొట్టినోడివి నువ్వు. గడువేటైనా రాసినావేటి అందల?"

పదిహేనేళ్లు అందరి నోళ్లలోనూ మాటలు పెట్టినవాణ్ణి. తిరిగి రారా, మళ్లీ వేషం వేద్దాం అందామనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చి సిగ్గుపడింది. వాడు దారానికి మైనం రాసి మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టాడు. అసిరమ్మ పార్వతిని లోపలికి పిలిచి పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. నా దగ్గరికొచ్చి మాత్రం, "లారీలొచ్చే యేళయినాది. దారికడ్డం నేకండా అలా నిలబడండి బాబూ" అంది. అలాగే పక్కకు తప్పుకుని నిలబడ్డాను.

మీరు రాసిన దాంట్లో ఒకటి నిజం. మీ కళ్లజోడు, మీ వేలు, మీ మాట మీ ఇంట్లో కూర్చునే దొంగిలించాను. నాలుగో రంగం రాసినందుకు ఇప్పటికీ విచారం లేదు. ఆ మాట మీకు ముందుగా చెప్పనందుకు ఉంది. మీరు చేసినదాన్ని నేను మరవను. మీరూ మరవకండి. అక్కకు మా ఇద్దరి నమస్కారాలు చెప్పండి. ఆవిడ మీతో మాట్లాడకపోతే ఈ ఉత్తరం ఆవిడ చేతికివ్వండి.

మేళం వద్దు, సన్మానపత్రం వద్దు. నాటకం మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి. నేను మాత్రం ఇంకొకరి చేత వేషం వేయించలేను. బరంపురంలో ఒక బడిలో తెలుగు చెప్పే పని ఉందన్నారు, అందులో చేరతాను. రేపు బొబ్బిలిలో ఒకసారి, విజయనగరంలో ఒకసారి రైలు మారతాం. ఆ రైలు ఆమదాలవలస మీదుగానే పోతుంది. స్టేషన్లో అయిదు నిమిషాలు ఆగుతుంది.

మేము దిగం.

జగన్నాధం